జీరో చూసుకోండి సార్



ఈమధ్య సన్మానాలకి మనం ఏ లోటూ చేయడం లేదు. పదవిలో ఉన్నవారికి చేస్తున్నాం. పదవి రాబోతున్నవారికి ముందుజాగ్రత్తగా చేస్తున్నాం. శాలువా తామే కొనుక్కుని వచ్చినవారిని కూడా కాదనకుండా కప్పి పంపిస్తున్నాం. రెండు వందల ఏళ్ళుగా సెలవు పెట్టకుండా పనిచేస్తున్న ఒక పెద్దమనిషికి మాత్రం ఇంతవరకూ ఒక్కరూ దండ వేసిన పాపాన పోలేదు. 1825లో లండన్‌లో మైకేల్ ఫారడే అనే మహానుభావుడు, దీపాల కోసం సిలిండర్లలో కుక్కిన గ్యాసు అడుగున మిగిలిన నూనెలోంచి ఆయన్ని వేరుచేశాడు. 2025లో ద్విశతాబ్ది వచ్చింది, వెళ్ళిపోయింది. ఫ్లెక్సీ లేదు, పాలాభిషేకం లేదు, కనీసం ఒక వాట్సాప్ స్టేటస్ లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సభ.

సన్మానగ్రహీత శ్రీ బెంజీన్ గారు. రంగు లేనివారు, అంచేత ఏ పార్టీయో చెప్పలేం. వాసన కాస్త తియ్యగా ఉంటుంది. మూత తీస్తే చాలు గాల్లో కలిసిపోతారు కాబట్టి పని ముగించిన చోట వేలిముద్రలు దొరకవు. అయినా ఆయనలేనిదే ప్లాస్టిక్ లేదు, నైలాన్ లేదు, రంగుల్లేవు, మందుల్లో సగానికి దారి లేదు. ఇలా ఎంత తిట్టినా పక్కన పెట్టలేని మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉంటారు, మీకు తెలియనిది కాదు.

ఆయన చేయని ఉద్యోగం లేదు. ఒకప్పుడు దొరలు గడ్డం గీసుకున్నాక సువాసన కోసం చెంపలకి ఆయన్నే రాసుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో జర్మనీలో లుడ్విగ్ రోజేలియస్ అనే కాఫీ వ్యాపారి గింజల్లోంచి కెఫీన్ లాగేయడానికి ఆయన్నే పనిలో పెట్టుకున్నాడు. ఆరోగ్యానికి మంచి కాఫీ అన్నమాట. ఆయన సేవల్లో నాకు అన్నిటికంటే నచ్చింది మరొకటుంది. 1912లో హంగరీ వైద్యుడు అలెగ్జాండర్ కొరాన్యి లుకేమియా రోగులకి బెంజీన్‌నే మందుగా ఇచ్చాడు. జబ్బేమో తెల్లకణాలు పెరిగిపోవడం, ఈయన చూస్తే తెల్లకణాలని చంపుతున్నాడు, ఇంకేం కావాలి! ఆ జబ్బు తెచ్చిపెట్టేదీ ఈయనేనని తర్వాత తేలింది. జబ్బూ తానే తెచ్చి మందూ తానే అయ్యే ఈ కళని మన కార్పొరేట్ ఆస్పత్రులు కూడా ఇంకా పూర్తిగా అందుకోలేదు.

వేదిక మీద ఆయన పక్కన కూర్చున్నవారిని కూడా పరిచయం చేస్తాను. కుడివైపు ఫార్మాల్డిహైడ్ గారు, శవాగారాల్లోనూ మెడికల్ కాలేజీల అనాటమీ గదుల్లోనూ నివాసం. ఎడమవైపు బ్యూటాడైయీన్ గారు, సింథటిక్ రబ్బరు వ్యాపారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ముగ్గురినీ మొదటి గ్రూపులో కూర్చోబెట్టింది. మనుషులకి క్యాన్సర్ తెస్తారనడంలో అనుమానం లేనివాళ్ళు కూర్చునే వరస అది. చివర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్న కుర్రవాడు స్టైరీన్, బెంజీన్ గారి సంతానమే. మొన్నమొన్నటిదాకా ‘కావచ్చు’ అనే తరగతిలో ఉండేవాడు, 2018లో ‘బహుశా’ అనే తరగతికి ప్రమోషన్ వచ్చింది. విశాఖలో అతనికి మంచి పేరుంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక ఆయన పనితీరు. క్షీరసాగరంలోంచి లేచిన హాలాహలాన్ని శివుడు గొంతులోనే ఆపేశాడు. కార్మికుడికి ఆ విద్య రాదు. ముక్కుతో పీల్చినది ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి పోతుంది. చేతికి తగిలినదీ కొంత చర్మం గుండా లోపలికి దిగుతుంది. కాలేయం పాపం దాన్ని ఎలాగోలా సాగనంపుదామని ఫినాల్‌గానూ హైడ్రోక్వినోన్‌గానూ విరగ్గొడుతుంది. ఆ ముక్కలు వెళ్ళి ఎముకల మూలుగలో కూర్చుంటాయి. రక్తం పుట్టే చోటు అదే. పుట్టింట్లోనే చెయ్యిపెడితే ఇంక చెప్పేదేముంది! ముందు నీరసం. తర్వాత పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి నెత్తురు. దెబ్బ తగలకుండానే తొడ మీద కమిలిన మచ్చ. మందులేసినా తగ్గని జ్వరం. ఇదంతా ఆరోజుకారోజు కనిపించదు, చాలాసార్లు ఏళ్ళు పడుతుంది. సూపర్‌వైజరు మారిపోయాక, కంపెనీ పేరు మారిపోయాక, ఒక్కోసారి ఫ్యాక్టరీ ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాక వస్తుంది. ఓపిక అంటే ఆయనదే.

ఇవి ఎవరో నిన్న కనిపెట్టిన విషయాలు అనుకునేరు. 1897లోనే స్వీడన్‌లో సైకిల్ టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసిన నలుగురు ఆడవాళ్ళు మూలుగ ఎండిపోయి చనిపోతే, శాంటెసన్ అనే వైద్యుడు రబ్బరు కరిగించే బెంజీనే కారణమని రాశాడు. 1928లో ఫ్రాన్స్‌లో ఇద్దరు వైద్యులు దీనికీ లుకేమియాకీ ఉన్న సంబంధం గురించి రాశారు. 1948లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే సాక్షాత్తూ చమురు కంపెనీల సంఘం, బెంజీన్ మీద ఒక సమీక్ష రాయించుకుంది. అందులో ఒక చోట, బెంజీన్‌కి పూర్తిగా సురక్షితమైన మోతాదు ఏదైనా ఉందంటే అది సున్నా ఒక్కటేనని సాధారణంగా అనుకుంటున్నారని రాసి ఉంది. రాసింది ఎర్రజెండా వాళ్ళు కాదండీ, చమురు అమ్మేవాళ్ళే.

ఆ సున్నా ఆ తర్వాత ఏమైపోయిందని చాలామంది పరిశోధకులు వెతుకుతుంటారు. వాళ్ళకి శ్రమ లేకుండా నేను చెప్తాను. అది మన పెట్రోల్ బంకులో భద్రంగా ఉంది. బండి ఆపగానే కుర్రాడు నాజిల్ చేత్తో పట్టుకుని, ‘జీరో చూసుకోండి సార్’ అంటాడు. మనం మెడ సాచి, కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూస్తాం. సున్నా ఉంది. ఇంక మోసం లేదని తృప్తిపడి వాట్సాప్‌లోకి వెళ్ళిపోతాం.

ఆ నాజిల్ దగ్గర ఏం జరుగుతుందో ఒక్క నిమిషం చూద్దాం. బండి ట్యాంకు ఖాళీ అంటారు గానీ అందులో పెట్రోలు ఆవిరి నిండుగా ఉంటుంది. పైనుంచి మూడు లీటర్లు దిగితే లోపలున్న మూడు లీటర్ల ఆవిరి లేచి బయటికి రావాలి, దానికి వేరే దారి లేదు. ట్యాంకు మూతి మీదికి వంగి నురగ పొంగుతోందా అని చూస్తున్న వాడి ముఖమే దాని దారి. కారయితే నాజిల్ టక్కున ఆగుతుంది, ట్యాంకు నిండిందని అర్థం. మనం ఊరుకుంటామా! ‘ఇంకాస్త కొట్టు తమ్ముడూ, రౌండ్ ఫిగర్ చెయ్’ అంటాం. వాడు మళ్ళీ నొక్కుతాడు, మళ్ళీ టక్కు, మళ్ళీ నొక్కు. మన రౌండ్ ఫిగర్ కోసం వాడు పీల్చిన ఆ చివరి గుక్క ఏ బిల్లులోనూ పడదు. బీఎస్-6 పెట్రోలులో బెంజీన్ నూటికి ఒక పాలు మించకూడదని నిబంధన. వినడానికి ఒక్క శాతమే. లీటరుకి లెక్కేస్తే పది మిల్లీలీటర్ల దాకా, అంటే రెండు చెంచాలు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎన్ని లీటర్లు కొడతాడో, నెలకి ఎంత జీతమో, మీరు మీ బంకులో అడగండి. మాస్కు ఉందా అని కూడా అడగండి. కరోనా టైములో ఇచ్చింది ఉందేమో చూసి చెప్తాడు.

అదే బంకులో గోడకి ఒక బోర్డు ఉంటుంది, ఎప్పుడైనా చదివారా? వినియోగదారుడికి ఎన్ని హక్కులో! పెట్రోలు శుద్ధమైనదో కాదో ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేయించుకుని చూడొచ్చు. డెన్సిటీ అడగొచ్చు. కొలత మీద అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్ర తెప్పించుకోవచ్చు. టైర్లకి గాలి ఉచితం. మన బండి పీల్చే గాలికి ఇంత భరోసా ఇచ్చిన దేశం ఇంకోటి ఉందో లేదో. నాజిల్ పట్టుకున్నవాడి నెత్తురు డెన్సిటీ ఎంతో చూపించే బోర్డు మాత్రం ఇంకా ప్రింటవలేదు.

పైకి లేచే ఆవిరిని నాజిలే తిరిగి పీల్చి నేలకింది ట్యాంకులోకి పంపే ఏర్పాటు ఉంది, వేపర్ రికవరీ సిస్టమ్ అంటారు. ఎడారిలో నీళ్ళు కనిపెట్టినంత కష్టమైన శాస్త్రమేమీ కాదది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది, అమ్మకం ఎక్కువున్న బంకులకి, జనం ఎక్కువున్న నగరాలకి. చిన్న ఊళ్ళలో చిన్న బంకులో పనిచేసేవాడి మూలుగ జొన్నన్నం తిని గట్టిపడి ఉంటుందని లెక్క కాబోలు.

కోర్టుల ప్రస్తావన లేకుండా ఏ సన్మానపత్రమూ పూర్తికాదు. బెంజీన్ గారికి దక్కిన అత్యున్నత గౌరవం అమెరికా సుప్రీంకోర్టు చేతుల మీదుగా జరిగింది. అక్కడ ఫ్యాక్టరీల గాలిలో ఆయన ఎంత ఉండొచ్చన్న హద్దు 1946లో 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో వంద. 1971 నాటికి అది 10కి దిగింది. హద్దు పదింతలు తగ్గడానికి పాతికేళ్ళూ, ఎన్నో ఎముకలూ పట్టాయి. ఇంతలో ఒహాయో రాష్ట్రంలో తిండి పదార్థాలు చుట్టే ప్లయోఫిల్మ్ అనే రబ్బరు పొర తయారుచేసే కార్మికుల లెక్కలు తీస్తే, వాళ్ళలో లుకేమియా మామూలు జనంలో కంటే కనీసం ఐదు రెట్లు ఎక్కువని 1977లో తేలింది. ప్రభుత్వం కంగారుపడి హద్దుని 10 నుంచి 1కి దించబోయింది. వెంటనే కోర్టుకి వెళ్ళిందెవరనుకున్నారు? అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. అదే, 1948లో సున్నా అని రాయించుకున్న సంఘం. సున్నాకీ ఒకటికీ మధ్య తేడా ఉందని పట్టుపట్టారనుకుంటే పొరపాటు. వాళ్ళకి పదే ముద్దు.

1980 జులైలో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయి తీర్పు చెప్పింది. ప్రమాదం ‘గణనీయమైనది’ అని ముందు మీరు తేల్చాలి, ఆ తర్వాతే హద్దులు మార్చాలి అంది. జస్టిస్ స్టీవెన్స్ గారు జనానికి అర్థమయ్యేలా ఉదాహరణ కూడా ఇచ్చారు. క్లోరిన్ కలిపిన నీళ్ళు తాగినందువల్ల క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం వంద కోట్లలో ఒకటయితే అది లెక్కలోది కాదు, రెండు శాతం బెంజీన్ ఉన్న పెట్రోలు ఆవిరి రోజూ పీల్చేవాడికి వెయ్యిలో ఒకటయితే మాత్రం బుద్ధున్నవాడు గణనీయమనే అంటాడు అన్నారు. అలా అని, కొత్త హద్దుని కొట్టేశారు. జస్టిస్ మార్షల్ అసమ్మతి తీర్పు రాశారు, అసమ్మతులు ఎక్కడికి పోతాయో మనకి తెలుసు.

సరే, లెక్కలేసి రుజువు చేసుకుని రమ్మన్నారు కదా అని ప్రభుత్వం వెళ్ళి లెక్కలేసుకుని వచ్చింది. 1987లో హద్దు మళ్ళీ 1 అయింది. పదేళ్ళు పట్టింది. ఆ ఆలస్యం వల్ల 30 నుంచి 490 మంది దాకా అదనంగా లుకేమియాతో పోతారని తర్వాత ఇద్దరు పరిశోధకులు అంచనా కట్టారు. ముప్పయ్యా, నాలుగు వందల తొంభయ్యా అని కచ్చితంగా చెప్పలేకపోవడం వాళ్ళ తప్పే, చచ్చిపోయినవాళ్ళు చేతులెత్తితే లెక్క తేలేది. అసలు తమాషా ప్రభుత్వం వేసిన లెక్కలోనే ఉంది. 10 పీపీఎం గాలిలో 45 ఏళ్ళు పనిచేసే ప్రతి వెయ్యిమందిలో 95 మంది అదనంగా లుకేమియాకి బలి. హద్దు 1కి దించాక ఆ సంఖ్య 10. జడ్జిగారి కొలబద్ద ప్రకారం వెయ్యికి ఒకరు పోయినా గణనీయమే. చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించిన ఫ్యాక్టరీలో వెయ్యికి పదిమంది. దీన్నే చట్టబద్ధం అంటారు. నేరుగా చంపితే సెక్షన్లున్నాయి, పీపీఎంలో చంపితే స్టాండర్డ్ ఉంది.

ఐరోపావాళ్ళు మనకంటే నాగరికులని పేరు కదా, వాళ్ళ సంగతీ చూద్దాం. అక్కడ వీధిలో గాలికి బెంజీన్ హద్దు ఏడాది సగటున ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు. మనదేశంలో కూడా 2009 నుంచి అంతే. ఆ వీధి పక్కనే ఉన్న ఫ్యాక్టరీ గేటు లోపల మాత్రం 2024 దాకా 1 పీపీఎం, అంటే ఎనిమిది గంటల సగటున సుమారు 3,250 మైక్రోగ్రాములు. గేటు దాటి ఐడీ కార్డు మెడలో వేసుకోగానే మనిషి ఊపిరితిత్తులు 650 రెట్లు గట్టిపడతాయన్నమాట! షిఫ్టు దిగి బయటికి రాగానే మళ్ళీ సున్నితమైన పౌరుడైపోతాడు. జీతానికి ఇంత వైద్యశక్తి ఉందని ధన్వంతరికి కూడా తెలిసి ఉండదు. ఇప్పుడు సిగ్గుపడి 2026 ఏప్రిల్ నుంచి 0.2కి దించారు. అంటే నూటపాతిక రెట్ల పైమాట, చాలా అభివృద్ధి.

తగ్గిస్తే తగ్గుతుందా అని అడిగేవారికి ఇస్తాంబుల్‌కి దారి చూపిస్తాను. అక్కడ చెప్పులు కుట్టేవాళ్ళ జిగురులోకి బెంజీన్ గారు ప్రవేశించాక లుకేమియా కేసులు వరసకట్టాయి. ముజఫర్ అక్సోయ్ అనే వైద్యుడు ఒక్కొక్క రోగినీ ‘ఏం పని చేస్తావు’ అని అడిగి, 26 మంది చెప్పుల కార్మికుల వివరాలు 1974లో ప్రచురించాడు. 1969 నుంచి జిగురులో బెంజీన్ మానేస్తూ వచ్చారు, తర్వాత కేసులూ తగ్గాయి. ఇంతకంటే పెద్ద రుజువు కావాలంటే దేవుడు దిగిరావాలి. మన ఊళ్ళలో చెప్పుల దుకాణంలో, పంచర్ షాపులో వేలితో తీసి పూసే సొల్యూషన్ డబ్బా మీద అందమైన బొమ్మ ఉంటుంది. లోపల ఏమేం కలిపారో ముక్కుతోనే చదువుకోవాలి. బెంజీన్ ఉన్న డబ్బా మీద ఆ పేరు స్పష్టంగా కనబడాలి, అపాయం గుర్తు ఉండాలి అని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓ వాళ్ళ 1971 నాటి బెంజీన్ ఒప్పందం చెబుతుంది. దానికి మనం 1991లో సమ్మతి తెలిపాం. సంతకం పెట్టడంలో మనం ఎవరికీ తీసిపోం.

కొరియా వాళ్ళు ఈ కళని ఇంకో మెట్టు ఎక్కించారు. చిప్‌లు తయారుచేసే గది చూశారా, మల్లెపువ్వులా ఉంటుంది. కార్మికులు తల నుంచి కాళ్ళదాకా తెల్లటి సూటు వేసుకుంటారు. కార్మికుల రక్షణ ఎంత గొప్పగా ఉందో అని మంత్రులు ఫొటోలు దిగుతారు. ఆ సూటు వేసింది మనిషి ఒంటి దుమ్ము చిప్ మీద పడకుండా, మనిషి మీద ఏం పడుతుందన్నది దాని పని కాదు. 2003లో హ్వాంగ్ యుమి అనే అమ్మాయి హైస్కూలు చదువు ముగుస్తూనే శాంసంగ్ వారి గిహుంగ్ ప్లాంటులో చేరింది. సిలికాన్ పలకల్ని రసాయనాల్లో ముంచి తీయడం పని. 2005లో లుకేమియా. 2007 మార్చిలో ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తూ, తండ్రి నడుపుతున్న టాక్సీ వెనక సీటులో చనిపోయింది. ఇరవై రెండేళ్ళు. అదే చోట ఆమెతో పాటు అదే పని చేసిన మరో కార్మికురాలు అంతకుముందు ఏడాదే అదే జబ్బుతో పోయింది. ఇద్దరికి ఇద్దరు. కంపెనీ దృష్టిలో అది కాకతాళీయం, వ్యక్తిగత అనారోగ్యం.

తండ్రి హ్వాంగ్ సాంగ్గి టాక్సీ డ్రైవరు, రసాయన శాస్త్రం చదువుకోలేదు. అయినా రుజువు చేయాల్సిన బాధ్యత ఆయనదే. ఏ రసాయనాలు వాడారో చెబితే కదా రుజువు చేసేది అంటే, వ్యాపార రహస్యం అన్నారు. ఎంత చక్కటి ఏర్పాటో గమనించండి: తాళం మా దగ్గరుంటుంది, పెట్టె మీరు తెరిచి చూపించండి. కార్మికుల బీమా సంస్థ కాదు పొమ్మంది. 2011లో కోర్టు ఆయన పక్షాన నిలిచింది. అప్పటికీ కథ కంచికి చేరలేదు. బాధిత కుటుంబాలూ, వాళ్ళకి అండగా నిలిచిన బనోలిమ్ అనే సంఘమూ సియోల్‌లో కంపెనీ ఆఫీసు ముందు 1,023 రోజులు కూర్చున్నారు. 2018 నవంబరులో కంపెనీ పెద్దలు తల వంచి క్షమాపణ చెప్పారు, పరిహారం ఒప్పుకున్నారు. అమ్మాయి పోయి అప్పటికి పదకొండేళ్ళు దాటింది. ఇప్పుడు చిప్ ఫ్యాక్టరీలు మనకీ వస్తున్నాయి, 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆంధ్రప్రదేశ్‌కీ ఒక యూనిట్ మంజూరు చేసింది. సంతోషం, పిల్లలకి ఉద్యోగాలు కావాలి. భూమి, నీళ్ళు, కరెంటు, రాయితీ అన్నీ సింగిల్ విండోలో ఇస్తామంటున్నారు. ఆ కిటికీలోంచి ఆరునెలలకొకసారి కార్మికుల సీబీపీ రక్తపరీక్ష రిపోర్టులు కూడా బయటికి కనిపిస్తాయా అని అడిగితే నన్ను అభివృద్ధి నిరోధకుడంటారు. అననివ్వండి.

మనకి చట్టం లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చట్టాల్లో మనం కోటీశ్వరులం. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో బెంజీన్ విషప్రభావం పేరు పెట్టి మరీ ఉండేది. అలాంటి రోగి కనబడితే వైద్యుడు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకి రాసి పంపాల్సి ఉండేది, పంపకపోతే వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉండేది. హెల్మెట్ లేకుండా దొరికినవాడికి పడే చలానాతో పోల్చుకుని నవ్వుకోండి. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చింది, అందులోనూ ఆయన పేరు జాబితాలో చెక్కుచెదరలేదు. జాబితాలో ఉంటారు, కేస్ షీటులోకి మాత్రం రారు. ఎందుకు రారో చూడండి.

‘సిగరెట్ తాగుతావా?’

‘లేదు సార్.’

‘మందు?’

‘పండక్కో పబ్బానికో.’

‘ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?’

‘ఎవరికీ లేదు సార్. మా నాయనకి షుగరుంది.’

‘సరే, ఆరోగ్యశ్రీ కార్డు తెచ్చుకున్నావా?’

అయిపోయింది. వృత్తి అన్న గడిలో ‘కూలి’ అని పడుతుంది. ఎక్కడ కూలి, ఏ డబ్బా మోశాడు, ఏ రియాక్టర్ కడిగాడు, ఎన్నేళ్ళు థిన్నర్ కలిపాడు, ఆ ప్రశ్నలకి గడి చాలదు. ఓపీ లైను గేటుదాకా ఉన్నప్పుడు డాక్టరు మాత్రం ఏం చేస్తాడు పాపం. సిగరెట్టు గురించి అడగడం మంచిదే, దాని పొగలోనూ మన బెంజీన్ గారే కొలువై ఉన్నారు. కాకపోతే సిగరెట్టు పెట్టె మీద పుండు బొమ్మ వేయించాం. పెట్రోలు నాజిల్ మీద, పెయింటు బూత్ తలుపు మీద, సాల్వెంట్ డ్రమ్ము మీద ఆ బొమ్మ వేస్తే పెట్టుబడులు బెదిరిపోతాయి. రోగి ఖర్చంతా పథకం పేరిట ఖజానా భరిస్తుంది, కారణం పేరిట కంపెనీకి కాగితం కూడా వెళ్ళదు. మనం పన్నుకట్టి నడిపిస్తున్న ఈ రాయితీ ఏ ఇండస్ట్రియల్ పాలసీలోనూ రాసి ఉండదు.

గల్ఫ్ రిఫైనరీలకి వెళ్ళే మనవాళ్ళది ఇంకో ముచ్చట. వెళ్ళేముందు మెడికల్ అంటూ నెత్తురు తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు, ‘ఫిట్’ అని ముద్ర వేస్తేనే వీసా. కొత్త బండికి ఆర్టీవో ఆఫీసులో కూడా అంత పరీక్ష ఉండదు. పదేళ్ళు పనిచేసి తిరిగొచ్చాక శంషాబాద్‌లో సామాను స్కాన్ చేస్తారు. మనిషిని చేయరు.

ఇక ఆ చివరి కుర్చీలో కుర్రవాడి సంగతి. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ బయటికి వచ్చి పన్నెండుమందిని తీసుకుపోయింది. కెమెరాలు వచ్చాయి, కమిటీలు వచ్చాయి, మనిషికి కోటి రూపాయల పరిహారం వచ్చింది. రావాల్సిందే. దాన్నుంచి పరిశ్రమ నేర్చుకున్న పాఠమొక్కటే, చంపితే గబగబా చంపకూడదు. ఒకే రాత్రి పన్నెండుమంది పోతే తేదీ ఉంటుంది, ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, వర్ధంతి ఉంటుంది. అదే పన్నెండుమంది ఇరవయ్యేళ్ళలో పన్నెండు ఊళ్ళలో పన్నెండు ఆస్పత్రుల్లో పోతే అది విధి. పైగా శవయాత్రకి మేనేజ్‌మెంట్ తరఫున పూలదండ కూడా వస్తుంది.

సమయం మించిపోతోందని కార్యదర్శి గారు చీటీ పంపారు. శాలువా కప్పుదామంటే బెంజీన్ గారు ఈపాటికే ఆవిరైపోయారు, కనుక ముందు వరసలో కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చినవారందరికీ సన్మానం జరిగినట్టే భావించాలి. వెనక హాల్లో భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. మన మెకానిక్ షెడ్లలో ఆనవాయితీగా వస్తున్న పద్ధతినే పాటించి, చేతులు కడుక్కోవడానికి సగానికి కోసిన క్యాన్లో పెట్రోలు పోసి పెట్టించాం, గ్రీజు మరక కూడా పోతుంది. సబ్బే కావాలని పట్టుబట్టేవారు, పెట్రోలు వల్ల తమ మూలుగకి గణనీయమైన ప్రమాదం ఉందని ముందుగా రుజువు చేస్తూ, మూడు కాపీలతో అర్జీ పెట్టుకోవాలి. కౌంటరు ఐదింటికే మూసేశారు.